ఆన్‌లైన్ పాఠానికీ టైమ్‌టేబుల్‌లో చోటివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్లుగా రసాయనశాస్త్రం చెబుతున్న అధ్యాపకురాలిని. విశ్వవిద్యాలయాల్లో ఆన్‌లైన్ పాఠాన్నీ తరగతి పాఠాన్నీ కలిపి నడిపే మిశ్రమ బోధన గురించి ఒక విన్నపం చేయదలచుకున్నాను. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ ద్వారా విద్యార్థి పొందగల క్రెడిట్ల (డిగ్రీకి లెక్కించే పాయింట్ల) పరిమితిని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2016లో 20 శాతంగా పెట్టి, 2021లో 40 శాతానికి పెంచింది. ప్రతి కోర్సులోనూ 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో చెప్పవచ్చని అదే ఏడాది మరో పత్రంలో సూచించింది. దీన్ని నేను వ్యతిరేకించడం లేదు. ఐఐటీ ఆచార్యుల పాఠాలు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ కోర్సుల కార్యక్రమం ద్వారా పల్లెటూరి పిల్లలకు ఉచితంగా అందడం చిన్న సంగతి కాదు. అయితే ఆ పాఠాన్ని విద్యార్థి ఎక్కడ కూర్చుని, ఏ వేళలో, ఎవరి తోడుతో వింటాడో ఆలోచించి టైమ్‌టేబుల్ వేయడం మాత్రం నేను చూసినంతలో చాలా అరుదు.

గత ఏడాది టైట్రేషన్ (ఒక ద్రావణాన్ని చుక్కలుగా కలుపుతూ మరో ద్రావణం గాఢతను కొలిచే) ప్రయోగానికి ముందు వీడియో చూసి రమ్మని పిల్లలకు చెప్పాను. చూసే వచ్చారు. రంగు మార్పు చూపే ఫినాఫ్తలీన్ వాడితే, చుక్కలు ఆపాల్సిన అంత్య బిందువు దగ్గర లేత గులాబీ రంగు వస్తుందని అడగ్గానే చెప్పారు. తీరా చుక్కలు వదిలే కొలత గొట్టం, అదే బ్యూరెట్, చేతికిచ్చాక సగం మందికి పైగా విద్యార్థుల ఫ్లాస్కుల్లో ముదురు గులాబీ రంగు తేలింది, అంటే ద్రావణం ఎక్కువ పడిపోయింది. ఒక చేత్తో ఫ్లాస్కును కదుపుతూ రెండో చేత్తో చుక్క చుక్కగా ఎలా వదలాలో వేళ్లకు తెలియాలి. పక్కన నిలబడి ‘ఇక ఆపమ్మా’ అనే మనిషి ఉంటేనే అది అబ్బుతుంది. అలాగని ఆ వీడియో వృథా కాలేదు. సిద్ధాంతం ముందే విని వచ్చారు కనుక, బోర్డు మీద సమీకరణాలు రాసే గంట మిగిలి, ప్రతి ఒక్కరి చేతా ప్రయోగాన్ని మూడేసి సార్లు చేయించగలిగాను. మిశ్రమ బోధన వల్ల మేలు జరిగేది ఇలా నడిపినప్పుడే.

‘ఇంటి దగ్గర వినండి’ అని వదిలేస్తే ఈ మేలు దక్కదు. నాన్న పొలం నుంచి వచ్చాకే ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ దొరుకుతుందని, అప్పటికి తమ్ముడూ దానికోసమే కాచుకుని ఉంటాడని ఒక అమ్మాయి నాతో చెప్పింది. అసైన్‌మెంట్ గడువు దగ్గరపడేసరికి జవాబులు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి, పాఠం వినకుండానే మార్కులు పడిపోతాయి. తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివి వచ్చినవారికి ఆంగ్ల పాఠం వేగం అందక, సందేహం అడిగే మనిషీ లేక, మొదటి వారంలోనే ఆశ వదులుకుంటున్నారు.

1982లో మొదలైన, హైదరాబాద్‌లోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యకే పుట్టినదైనా, అధ్యయన కేంద్రాల్లో ముఖాముఖి తరగతులు నడుపుతూ వచ్చింది. రోజూ కళాశాలకు వచ్చే విద్యార్థికి అంతకన్నా తక్కువ తోడు ఇవ్వడం న్యాయం కాదు.

కాబట్టి ఆన్‌లైన్ పాఠానికి కళాశాల కంప్యూటర్ గదిలోనే ఒక పీరియడ్ కేటాయించి, ఆ విషయం చెప్పే అధ్యాపకులను అక్కడ కూర్చోబెట్టాలి. ఆ గంటను వారి పనిభారంలో తప్పక లెక్కించాలి. లెక్కించకపోతే, పోస్టులు మంజూరు చేసేటప్పుడు ఆ మేరకు కోత పడుతుందన్న భయం నాకుంది. ఇప్పటికే అతిథి అధ్యాపకులతో నెట్టుకొస్తున్న విభాగాలు దాన్ని తట్టుకోలేవు. రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు వచ్చే విద్యా సంవత్సరం టైమ్‌టేబుళ్లు ఖరారు కాకముందే ఈ మేరకు స్పష్టమైన ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాను.

– ఒక రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, ప్రకాశం జిల్లా