మూడేళ్లు నిండని బిడ్డ ఎక్కడుండాలి?

సంపాదకులకు నమస్కారం.

మాది గుంటూరు జిల్లా. రెండెకరాల్లో మిర్చి వేస్తాం. కోతలకు పొరుగూళ్ల నుంచి ఆటోల్లో కూలీలు వస్తారు, కొందరు చంటిపిల్లలతో. మొన్నటి కోతల్లో ఒకామె తొమ్మిది నెలల పాపను గట్టున వేపచెట్టుకు చీర ఊయల కట్టి పడుకోబెట్టింది. పాప ఏడుపు విని పరిగెత్తుకొచ్చింది గానీ చేత్తో తాకలేదు. కాయ కోసిన చేతులవి, సబ్బుతో కడిగినా మంట పోదు. మోచేతుల మధ్య బిడ్డను ఎత్తి పట్టుకుని, ముక్కు తుడవమని నావైపు చూసింది. నావీ కాయ కోసిన చేతులే. చివరికి మా అత్తగారు కొంగుతో తుడిచారు.

ఆమె పెద్దకూతురు మూడో తరగతి. అప్పటిదాకా బడి మాని ఆ పిల్లే చెల్లెల్ని చూసిందట. టీచరు ఇంటికొచ్చి చెప్పాక, తల్లే పాపను చేనుకి తేవడం మొదలుపెట్టింది. పెద్దది బడికి పోతేనే కదా 'తల్లికి వందనం' డబ్బు పడేది! బడికెళ్లే బిడ్డ పేరున తల్లి ఖాతాలో ఏడాదికి 13 వేలు వేస్తున్న ప్రభుత్వం, ఆ బిడ్డను ఇంట్లో కట్టేస్తున్న చంటిదాని సంగతి మరిచిపోయింది.

"మీ ఊళ్లో అంగన్‌వాడీ లేదా?" అని అడిగాను. ఉంది. మూడేళ్లు నిండితేనే కూర్చోబెట్టుకుంటారు. అంతకన్నా చిన్నపిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇంటికిస్తారు. ఇందులో టీచర్ల తప్పేం లేదు. కానీ ఆ పిండి కలిపి పెట్టాల్సిన మనిషి పొద్దున ఏడింటికల్లా మా చేలో ఉంటుంది.

ఉద్యోగినులకు 2017 సవరణతో 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది. 50 మంది పనిచేసే సంస్థలో క్రెచ్, అంటే చంటిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలన్నారు. కూలికి వెళ్లే తల్లికి ఈ రెండూ లేవు. పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురుంటే వాళ్లను చూడ్డానికి ఒక మహిళను పెట్టి కూలి ఇవ్వాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో రాశారు. నేను నాలుగేళ్లు ఉపాధి పనికి వెళ్లాను, ఆ పని మీద ఉన్న మనిషిని ఒక్కనాడూ చూడలేదు.

కేంద్రం 2022లో 'పాల్నా' పథకం తెచ్చింది. అంగన్‌వాడీలోనే క్రెచ్, ఆరు నెలల పిల్లల నుంచి తీసుకుంటారు, నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. మంచిదే. కానీ కోత కూలీ ఆరున్నరకు ఆటో ఎక్కితే ఇల్లు చేరేసరికి సాయంత్రం ఐదవుతుంది. మిగిలిన మూడు గంటలు బిడ్డను ఎవరి చేతుల్లో పెట్టాలి?

పక్కనున్న కర్ణాటక 2023లో గ్రామ పంచాయతీల్లో 'కూసిన మనె' పేరుతో ఇలాంటి కేంద్రాలు మొదలుపెట్టింది. ఉపాధి జాబ్‌కార్డున్న ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి పిల్లల్ని అప్పగించింది. మనకూ కొత్త భవనాలు అక్కర్లేదు. నడుం వంచి కాయ కోయలేని పెద్దమ్మలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, కూలి ఇస్తే చూస్తారు.

రైతులుగా మీరేం చేశారని అడగొచ్చు. ఆటో కిరాయి ఇస్తాం, తాగడానికి నీళ్లు పెడతాం. చంటిబిడ్డతో వస్తే పని సాగదని లోలోపల గొణుక్కుంటాం. నేనూ గొణుక్కున్నదాన్నే.

సంక్రాంతి దాటితే మళ్లీ కోతలు జోరందుకుంటాయి. ఆలోగా మిర్చి పండే మండలాల్లో ఊరికొక అంగన్‌వాడీ అయినా ఆరింటికి తలుపు తీసి, మూడేళ్లలోపు పిల్లల్ని కూడా సాయంత్రం దాకా ఉంచుకునేలా జిల్లా కలెక్టరు, స్త్రీ శిశు సంక్షేమ శాఖ అధికారులు ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.

– ఒక మిర్చి రైతు, గుంటూరు జిల్లా