గండికోట గైడ్లకు శిక్షణ, గుర్తింపు కార్డు తప్పనిసరి చేయాలి

కడప జిల్లా గండికోటలో పెన్నా లోయ అంచున ట్రెక్కింగ్ చేయించి, తాళ్లతో పర్యాటకులను బండల మీది నుంచి దింపే గైడ్లకు అసలు శిక్షణ ఉందా అని అడిగేవారు కనిపించడం లేదు. మొన్న ఆదివారం చూశాను: తాడు రాతి అంచుకు ఒరుసుకుని పోగులు లేచిపోయింది, కింద గోనెపట్టా ముక్కైనా వేయలేదు. పిల్లల తలలకు పెద్దవాళ్ల హెల్మెట్లు పెట్టారు, తల తిప్పితే కళ్ల మీదికి జారుతున్నాయి. ప్రథమ చికిత్స పెట్టె ఏదని అడిగితే, ‘జమ్మలమడుగు దగ్గరే కదా సార్’ అన్నారు. నడుము విరిగిన మనిషిని ఆ బండల మధ్య నుంచి పైకి తేవడానికే ఎంతసేపు పడుతుందో వాళ్లు ఆలోచించినట్టు లేదు. స్థానిక కుర్రాళ్ల పొట్ట కొట్టమని నేననడం లేదు, ఆ దారులు వాళ్లకు తెలిసినట్టు బయటివాళ్లకు తెలియవు. వాళ్లనే ఎంపిక చేసి, ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ లాంటి చోటికి పర్యాటక శాఖ తన ఖర్చుతో పంపాలి. శిక్షణ పూర్తిచేసినవారికి ఫొటో కార్డు ఇచ్చి, పేర్లు, రేట్లు కోట ద్వారం దగ్గర బోర్డు మీద రాయించాలి. కార్డు లేనివారిని తాడు ముట్టనివ్వకూడదు. అప్పటిదాకా పర్యాటకులే డబ్బు కట్టే ముందు శిక్షణ ఎక్కడ పొందారో, తాడు ఎప్పుడు మార్చారో గట్టిగా అడగాలి.

– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు