అట్ట కోసేశారు, పేర్లు పోయాయి

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ పత్రికలో విశ్వవిద్యాలయ పూర్వాచార్యుల చిత్రశాల ప్రారంభోత్సవం గురించి వార్త వచ్చింది. పక్కనే ఒక పాత గ్రూప్ ఫోటో కూడా వేశారు. ఆ రోజే ఈ ఉత్తరం రాయాల్సింది. నా చూపే తప్పిందేమో అని అనుమానం వచ్చి, అటక మీది ట్రంకుపెట్టె దింపించి, నా దగ్గరున్న కాపీ వెతికించేసరికి ఇన్నాళ్ళు పట్టింది. చూపు బాగానే ఉంది. తప్పంతా ఫోటో కింది పేర్లలోనే ఉంది.

ముందు వరుసలో కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు తొమ్మిది మంది. కింద వేసిన పేర్లు ఎనిమిది. మూడో కుర్చీలో ఉన్న మా ఫిజిక్స్ మాస్టారి పేరు ఎక్కడో జారిపోయింది. అక్కణ్ణుంచి అందరూ తలా ఒక కుర్చీ జరిగారు. ఫలితంగా బుర్రమీసాల ఫిజిక్స్ మాస్టారు 'శ్రీమతి' అయ్యారు. ఆయన పక్కన నిండుగా చీర కట్టుకుని కూర్చున్న వృక్షశాస్త్రం మేడం కెమిస్ట్రీ మాస్టారయ్యారు. చివరి కుర్చీ ఆయనకు అసలు పేరే లేదు. గొడవ పడటానికి వాళ్ళలో ఎవరూ ఇప్పుడు లేరు కాబట్టి సరిపోయింది. చిత్రశాల వాళ్ళు చూసుకోలేదు సరే, మీ డెస్కులో ఒక్కరికైనా మీసాలకీ చీరకీ తేడా తెలియలేదా అని అడుగుతున్నాను. కోపం తెచ్చుకోవద్దు.

ఉండబట్టలేక స్వయంగా వెళ్ళి చూశాను. ఆ ఫోటోలు తీసిన రోజుల్లో స్టూడియో వాళ్ళు గ్రూప్ ఫోటోను మందపాటి అట్ట మీద అతికించి, అడుగున నాలుగు వేళ్ళ వెడల్పు ఖాళీ వదిలి, అందులో పేర్లు రాయించి ఇచ్చేవారు. కూర్చున్నవారు, నిలబడినవారు, ఎడమ నుంచి కుడికి, గైర్హాజరైనవారు ఫలానా... మొత్తం వివరం అక్కడే ఉండేది. ఇప్పుడు చిత్రశాలలో ఫ్రేములన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. గోడకు అందంగా ఉన్నాయి, కాదనను. ఆ కొలతకు సరిపడేలా అట్టల అడుగు భాగం శుభ్రంగా కోసేశారు. పేర్లు కాస్తా చెత్తబుట్టలోకి పోయాయి. ఆ తరవాత ఎవరో గుర్తున్నంత మేరకు కంప్యూటర్లో కొత్త పేర్లు కొట్టించి కింద అంటించారు.

"అలా ఎలా కోశారండీ?" అని అక్కడున్న కుర్రాణ్ణి అడిగాను. పాపం, అతను కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. "పై నుంచి చెప్పిన సైజు అదేనండీ పెద్దాయనా, మీరేదైనా చెప్పాలనుకుంటే రిజిస్ట్రారు గారి పేరిట అర్జీ పెట్టుకోండి" అన్నాడు. పెట్టాను. అందినట్టు ముద్ర వేసిన కాగితం ఇచ్చారు. అందులో నా పేరు కూడా తప్పే.

మిగతా ఫోటోలు కొన్నిటికి ప్లాస్టిక్ లామినేషన్ చేయించారు. వెండి లవణాల పూత మీద ముద్రించిన పాత ఫోటోను వేడి చేసి ప్లాస్టిక్‌లో మూసేస్తే మళ్ళీ ఊడదీయడం కుదరదు. ఊడదీస్తే బొమ్మే లేచి వస్తుంది. ఒక ఫోటో వెనక బాల్ పెన్నుతో గట్టిగా నొక్కి నంబరు వేశారు. ఆ గీత ముందుకు పొడుచుకొచ్చి, ఒకాయన నుదుటి మీద గాటులా కనిపిస్తోంది. మెత్తటి పెన్సిల్‌తో వెనక అంచున రాయాలన్నది చిన్న సంగతి. చిన్నదే కాబట్టి ఎవరికీ పట్టదు. డిజిటల్ చేశామని కూడా వార్తలో రాశారు. గోడ మీదున్న ఫ్రేమును అద్దంతో సహా ఫోనులో తీయడాన్ని డిజిటల్ చేయడం అంటే నేనేమీ అనలేను. ఒక దాంట్లో తీసినవాడి మోచెయ్యి, ట్యూబులైటు కూడా భద్రంగా నిక్షిప్తమయ్యాయి.

ఇక జీవిత చరిత్రలు. ఒక్కొక్క ఫోటో పక్కన ఒక్కొక్క పేరా. ఇరవై దాకా చదివాను. అందరూ "విశేష సేవలందించారు", అందరూ "విద్యార్థుల అభిమానాన్ని చూరగొన్నారు", అందరూ "అజాతశత్రువులు". ఇంతమంది అజాతశత్రువులు ఒకే చోట పనిచేస్తే ఆ రోజుల్లో సెనేటు సమావేశాలు తెల్లవారేదాకా ఎందుకు సాగేవో నాకు అర్థం కాలేదు. పుట్టిన ఏడాది, డిగ్రీలు, అలంకరించిన పదవులు ఉన్నాయి. ఏం చెప్పారు, ఎవరికి చెప్పారు, ఏ పుస్తకం తెప్పించడం కోసం ఎవరితో తగాదా పడ్డారు అన్నది ఒక్క ముక్క లేదు.

ఆ కెమిస్ట్రీ మాస్టారైపోయిన మేడం గురించే చెబుతాను. కోసుకొచ్చిన మొక్కను పాత న్యూస్ పేపర్ల మధ్య పెట్టి, బరువు వేసి, తడి పీల్చుకున్న కాగితాలు ఏ రోజుకారోజు మార్పించేవారు. ఎండాక మందపాటి షీటు మీద కుట్టించి, కుడి వైపు అడుగు మూలన చీటీ అంటింపించేవారు. మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ, తెచ్చినవాళ్ళ పేరు అందులో ఉండాలి. చీటీ అంటించకుండా ఇస్తే షీటు మన ముందే తిరిగి ఇచ్చేసి, "ఇది హెర్బేరియం కాదు నాయనా, ఎండుగడ్డి. పశువుకి పెట్టు" అనేవారు. అలాంటావిడకి ఎవరిదో పేరు చీటీ తగిలించారు!

పేర్లు, తేదీలు ఉంటే చాలదా అనేవాళ్ళకి ఒక ఉదాహరణ. గణిత శాస్త్రవేత్త ఎమ్మీ నోయెథర్ జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయానికి వచ్చింది 1915లో. ఆడమనిషి అన్న కారణంగా తన పేరుతో పాఠం చెప్పనివ్వకపోతే, అక్కడి గణితాచార్యుడు హిల్బర్ట్ పేరు ప్రకటించిన తరగతుల్లో ఆవిడ పాఠం చెప్పింది. సొంత పేరుతో చెప్పే అర్హత 1919లో గానీ రాలేదు. 1933లో నాజీలు ఉద్యోగం తీసేశారు. మన చిత్రశాల వాళ్ళు రాస్తే "1919 నుంచి 1933 వరకు విశేష సేవలందించారు" అని ఉండేది.

ఫోటో సంగతీ అంతే. రామానుజన్ 1920లో పోయారు. పదహారేళ్ళ తరవాత, ఆయన్ని ఇంగ్లండుకు రప్పించిన గణితాచార్యుడు హార్డీకి తన పుస్తకంలో వేయడానికి ఒక సరైన ఫోటో దొరకలేదు. 1936లో ఇండియా వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త ఎస్. చంద్రశేఖర్, రామానుజన్ గారి భార్య జానకిగారిని వెతికి పట్టుకుంటే, ఆవిడ పాత పాస్‌పోర్టు తీసి చూపించింది. మనందరికీ తెలిసిన ఆ ముఖం ఆ పాస్‌పోర్టు ఫోటోదే. ఆ కాగితం ఆవిడ పారేసి ఉంటే? మన ఆఫీసులో ఉండి ఉంటే కొలతకు సరిపోలేదని కోసేసేవాళ్ళం.

మనకు ఉపాధ్యాయ దినోత్సవం అంటే రాధాకృష్ణన్ గారి ఒక్క ఫోటో. 1931 నుంచి 1936 వరకు ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి. అది అందరూ చెబుతారు. అక్కడే ఆ దశకంలో ఫిజిక్స్ చెప్పిన సూరి భగవంతం, కెమిస్ట్రీ చెప్పిన టి.ఆర్. శేషాద్రి ముఖాలు ఎంతమంది గుర్తుపడతారు? అదే విశ్వవిద్యాలయంలో లెక్కల్లో ఎం.ఏ. చేసిన సి.ఆర్. రావు గారికి 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చినప్పుడు మనమంతా మావాడే అన్నాం. ఆయనకు లెక్కలు చెప్పినవాళ్ళలో ఒక్కరి పేరు చెప్పమంటే నేనూ తల గోక్కుంటాను.

పెద్దవాళ్ళు తలుచుకుంటే డబ్బుకు లోటు లేదు. విశ్వవిద్యాలయాలకు గ్రేడులిచ్చే న్యాక్ బృందం వస్తోందంటే గోడలకు రాత్రికి రాత్రే రంగులు పడతాయి. ఇప్పటి పెద్దలు గేటు ఫ్లెక్సీ మీద నిలువెత్తున రంగుల్లో నవ్వుతుంటారు, వాళ్ళ పేర్లలో ఒక్క అక్షరం తప్పు పోదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. చిత్రశాలలోని గ్రూప్ ఫోటోలను మీ పత్రికలో వారానికొకటి వేయండి. వాళ్ళ శిష్యుల్లో డెబ్భై, ఎనభై ఏళ్ళవాళ్ళం ఇంకా కొందరం ఉన్నాం, గుర్తుపట్టి రాస్తాం. ఇంకో పదేళ్ళు ఆగితే ఆ పనీ ఉండదు.

నా కాపీ అట్ట కోయనిది. ముందు వరుస తొమ్మిది మంది పేర్లూ విడిగా రాసి దీనితో జతచేస్తున్నాను, దయచేసి సవరణ వేయండి. కాకపోతే అట్ట మీద కూడా అందరి పేర్లూ లేవు. వెనక వరుస కుడి చివర చేతులు కట్టుకుని నిలబడినాయనకు "అటెండరు" అని మాత్రమే రాసి ఉంది. మైక్రోస్కోపు కింద పెట్టే స్లైడ్లు మా అందరికీ కోసి ఇచ్చింది ఆయనే. మేం ఆయన్ను తాతా అని పిలిచేవాళ్ళం, పేరు ఎప్పుడూ అడగలేదు. పొడుగ్గా ఉంటారు, ఎడమ చేతి చిటికెన వేలు సగం లేదు. ఎవరికైనా ఆయన పేరు తెలిస్తే మీకే రాయమనండి.

ఇట్లు
ఒక పూర్వ విద్యార్థి, విశ్రాంత అధ్యాపకుడు