క్యూఐపీలో డిస్కౌంటు నిజంగా ఐదు శాతమేనా? సెబీ ఛైర్మన్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సెబీ ఛైర్మన్ గారికి నమస్కారములు.

లిస్టయిన కంపెనీలు మ్యూచువల్ ఫండ్లు, బీమా కంపెనీల వంటి అర్హత గల సంస్థాగత మదుపరులకు నేరుగా షేర్లు కేటాయించి నిధులు సమీకరించుకునే క్యూఐపీ (క్వాలిఫైడ్ ఇన్‌స్టిట్యూషనల్ ప్లేస్‌మెంట్) పద్ధతిని మీ సంస్థ 2006లో ప్రవేశపెట్టింది. నెలల తరబడి ఆగకుండా కొద్ది రోజుల్లోనే డబ్బు చేతికందుతున్నందువల్ల కంపెనీలకు దానితో మేలే జరిగింది. నా అభ్యంతరమల్లా కనీస ధర లెక్కకట్టే తీరుపైన, ఆ తరువాత జరిగే కేటాయింపుపైన.

ఇష్యూ తెరవాలని బోర్డు నిర్ణయించిన తేదీకి ముందరి రెండు వారాల్లో, ప్రతి వారపు ముగింపు ధరల గరిష్ఠ, కనిష్ఠాలను తీసుకుని సగటు కడితే వచ్చేదే కనీస ధర. ప్రత్యేక తీర్మానం ద్వారా వాటాదారుల ఆమోదం ఉంటే దానిపై మరో ఐదు శాతం వరకు తగ్గించవచ్చు. మొదటి వారంలో 96, 104 రూపాయల మధ్య, రెండో వారంలో 104, 112 రూపాయల మధ్య ముగిసిన షేరును ఉదాహరణగా తీసుకోండి. సగటు 104, తగ్గింపు పోగా 98.80. చివరి ముగింపు 112 అయితే, కాగితం మీది ఐదు శాతం మార్కెట్లో దాదాపు పన్నెండు శాతమవుతుంది. పది పాత షేర్లకు ఒకటి చొప్పున కొత్తవి ఆ ధరకు ఇస్తే, లెక్కప్రకారం పాత వాటాదారుకు ఒక్కో షేరుపై సుమారు 1.20 రూపాయలు పోయినట్లే. ప్రతి ఇష్యూలో ఇలాగే జరుగుతుందని నేననను. జరిగితే నిబంధన అడ్డుకోదన్నదే నా బాధ. ఏడాదిపాటు చెల్లే ఆ ప్రత్యేక తీర్మానానికి ఈ-ఓటింగ్‌లో సమ్మతి తెలిపినవారిలో నేనూ ఒకణ్ణి. ఈ లెక్క అప్పుడు నాకు తట్టలేదు.

ఇక కేటాయింపు సంగతి. మ్యూచువల్ ఫండ్లకు కనీసం పది శాతం, ఏ ఒక్కరికీ సగానికి మించకూడదు అన్నవాటి వంటి కొద్ది హద్దులు పోను, ఎవరికెంత అన్నది కంపెనీ, ఇష్యూను నడిపించే మర్చంట్ బ్యాంకర్ల విచక్షణే. ఇష్యూలోని షేర్లలో ఐదు శాతానికి మించి పొందినవారి పేర్లు బయటికి వస్తాయి గానీ, ఎందుకు పొందారో రాదు.

కనుక కేటాయింపు ప్రకటనలోనే చివరి ముగింపు ధరతో పోల్చిన డిస్కౌంటును, కేటాయింపుకు పాటించిన ప్రాతిపదికను తెలపడం తప్పనిసరి చేయాలని కోరుతున్నాను. ప్రకటనకు ముందే రహస్యంగా సంప్రదించిన మదుపరుల వివరాలు బయటపెట్టని సమాచారం ఎవరికి తెలిపారో నమోదు చేసే కంపెనీల డిజిటల్ డేటాబేసులో పాన్‌తో సహా ఉండాలని మీ నిబంధనలే చెబుతున్నాయి. పేర్లు అక్కర్లేదు, ఇష్యూ ముగిశాక వారి సంఖ్య చెప్పినా చాలు.

ఇట్లు,
ఒక చిన్న మదుపరి