పారిస్ నేలమాళిగ సరే, మన అటకల సంగతేంటి?

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీరు పారిస్ ఒపేరా పాత రికార్డుల మీద వేసిన వ్యాసం చదివి, ఎందుకులే అని నాలుగు రోజులు ఊరుకున్నా, ఇక నావల్ల కాలేదు. రాసినాయన బాగానే రాశాడు గానీ పక్కన ఆ ఫోటో ఏంటండీ బాబూ? ఆ తళతళలాడే ఇత్తడి గొట్టం గ్రామఫోను హోటళ్ళలో షోకి పెట్టుకునే సరుకు, దానిమీద నిజం ప్లేటు, అదే పాత రికార్డు, పెడితే పాట సంగతి దేవుడెరుగు, గీతలు పడి చస్తుంది. పైగా కింద "ప్లాస్టిక్ రికార్డులు" అని ఒకటి. ప్లాస్టిక్ కాదండీ, లక్క. రాతిపొడి కలిపిన లక్క. ఆ రోజుల్లో ప్రపంచానికి లక్క పంపిందే చాలావరకు మన దేశం, అంటే అక్కడ కరూసో, మెల్బా లాంటి పేరుమోసిన ఒపేరా గాయకులు ఎవరు పాడినా నిలిచింది మన అడవి పురుగు చేసిన లక్క మీదే. ఆ ముక్క ఒక్క లైనులో రాస్తే మీ సొమ్మేం పోయింది?

సరే, అసలు సంగతి. 1907 డిసెంబర్ 24న గ్రామఫోన్ కంపెనీ తరఫున ఆల్‌ఫ్రెడ్ క్లార్క్ అనే ఆయన పారిస్ ఒపేరాకి 24 ప్లేట్లు ఇచ్చాడు, మధ్యమధ్య గాజు పలకలు పెట్టి, గుడ్డ చుట్టి, డబ్బాల్లో సీలేసి, వందేళ్ళు ముట్టుకోవద్దని ఒపేరా భవనం కింద పెట్టారు. 1912లో ఇంకో 24, ప్లేట్లతో పాటు ఒక గ్రామఫోను కూడా, వందేళ్ళ తర్వాత వాళ్ళకి మిషనే ఉండదేమోనని! కంపెనీకి పబ్లిసిటీ కూడా అనుకోండి, ఆ పాటల్లో చాలావరకు బజార్లో అమ్మినవే. అక్కడ మాత్రం అంతా ధర్మరాజులేం కాదు, 1989లో ఏసీ పనికని వెళ్ళి చూస్తే ఒక డబ్బా తెరిచేసి ఉంది, గ్రామఫోను మాయం. అయినా గడువు అయ్యాక, చుట్టిన గుడ్డలో ఊపిరితిత్తులకి చేటు చేసే ఆస్బెస్టాస్ ఉందని తెలిసి, జాగ్రత్తగా తీసి, డిజిటల్ చేసి 2009కల్లా జనానికి వినిపించారు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. పద్యనాటకం మన ఒపేరా అని సభల్లో మైకు పట్టుకుని చెప్తారు కదా. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు, డి.వి. సుబ్బారావు, వీళ్ళ ప్లేట్లు కొనడానికి మా నాన్న పొగాకు డబ్బులు రాగానే బజారుకి పరిగెత్తేవాడట, అమ్మ చెప్పేది. ఆ ప్లేట్లు వందకు పైనే, పాత పంచెల్లో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టి, మూడేళ్ళ కిందట బస్సెక్కించి ఒక సర్కారీ ఆఫీసుకి మోసుకెళ్ళా. డబ్బులేం అడగలేదు, ఊరికే తీసుకోండి, కంప్యూటర్‌లోకి ఎక్కించండి, అన్నా. అక్కడ కూర్చున్నాయన ఒక ప్లేటు తీసి రెండు చేతుల్తో వంచి చూశాడు, తర్వాత వచ్చిన వంగే ప్లాస్టిక్ రికార్డు, ఎల్పీ, అనుకున్నాడు కాబోలు. లక్క వంగుద్దా? టప్ మంది. సుబ్బారావు గారి హరిశ్చంద్ర పద్యం రెండు ముక్కలు. ఇంకొకాయన టీ గ్లాసు పెట్టిన మరక పోవాలని ఇంకో ప్లేటు శానిటైజర్‌తో తుడిచాడు, స్పిరిట్ తగిలితే లక్క కరుగుద్దని చెప్పేలోపే మెరుపు పోయి మొత్తం తెల్లబారిపోయింది. చివరికి సెలవిచ్చింది ఏమిటయ్యా అంటే, "పెన్‌డ్రైవ్‌లో వేసుకు రండి మాస్టారూ, అప్పుడు చూద్దాం". నేనే వేసుకోగలిగితే వీళ్ళ గుమ్మం ఎందుకు ఎక్కుతా?

ఏప్రిల్ 16న కందుకూరి జయంతికి రంగస్థల దినోత్సవమని శాలువాలు కప్పుతారు, కప్పిన శాలువా మడత విప్పకముందే ఫోటో వచ్చేస్తుంది, దానికి బడ్జెట్ ఎప్పుడూ ఉంటుంది. ఊరూరా విగ్రహాలకీ ఉంటుంది. మంచి మిషన్, సరైన ముల్లు, పని తెలిసిన ఇద్దరు మనుషులు అనేసరికి ఫైలు కదలదు.

ఈ పాత ప్లేట్ల పాటలు యూట్యూబ్‌లో పెట్టేవాళ్ళకి దండం పెట్టాలి, వాళ్ళు లేకపోతే ఈపాటి కూడా లేదు. కానీ చాలామందికి స్పీడు సంగతి తెలీదు. నిమిషానికి 78 చుట్లు అని పేరేగానీ తొలి రోజుల్లో ఒక్కో ప్లేటు ఒక్కో స్పీడు, 74 దాన్ని 78లో తిప్పితే శ్రుతి దగ్గర దగ్గర అర స్వరం ఎగిరిపోద్ది, గొంతు సన్నబడి పిల్లాడు పాడినట్టుంటుంది. అది విని ఇప్పటి కుర్రాళ్ళు "అప్పట్లో ముక్కుతో పాడేవాళ్ళా తాతయ్యా" అంటారు. లేబుల్ మీది నంబరు కూడా రాయరు, ఎవరు పాడారో ఎప్పటిదో ఎలా తెలియాలి?

మా పెట్టె మళ్ళీ మంచం కిందకి చేరింది. విరిగిన ప్లేటు రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి మా మనవరాలు ఫోటో తీసింది, దీంతో జతచేస్తున్నా. ఈసారి పాత రికార్డుల మీద ఏదైనా వేస్తే ఆ ఇత్తడి గొట్టం తీసేసి ఇది వేసుకోండి.

— ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు, తెనాలి