తవ్వకాలు తెలిసినవాళ్లకే మ్యూజియాలు అప్పగించాలి

సంపాదకులకు నమస్కారం.

మ్యూజియం డైరెక్టరంటే ఫైళ్ల మీద సంతకాలు పెట్టే అధికారి అని మన పిల్లలు అనుకుంటారు. 1914లో హైదరాబాద్ రాజ్యంలో పురావస్తు శాఖ పెట్టినప్పుడు తొలి డైరెక్టరైన గులాం యజ్దానీయే అజంతా చిత్రాలను గ్రంథాలుగా అందించారు. సాగర్ నీళ్లు ముంచకముందే మన ఏలేశ్వరంలో తవ్వకాలు జరిపించిన అబ్దుల్ వహీద్ ఖాన్ కూడా ఆ శాఖ డైరెక్టరుగా చేసినవారే.

శ్రీశైలం ముంపు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. ప్రతి రాయికీ నంబరు వేయాలి, ఏ వరసలో ఏది కూర్చోవాలో గీసుకోవాలి, అక్కడ అదే క్రమంలో పేర్చాలి. ఒక్క నంబరు చెరిగినా పని ఆగిపోతుంది. ఎంత టెన్షనో ఊహించండి! ఎండలో నిలబడి ఇంత పని చేయించినవాళ్లకు మ్యూజియంలో ఒక శిల్పాన్ని ఎలా నిలబెట్టాలో, దాని కింద ఏం రాయాలో ఒకరు చెప్పక్కర్లేదు.

పానగల్లు, మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మ్యూజియాల బాధ్యత ఎప్పుడూ అలాంటివారికే ఇవ్వాలని నా విన్నపం. ఫణిగిరి బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు వెళ్లాయి. మన డిగ్రీ పిల్లల్లో ఎంతమందికి ఆ సంగతి తెలుసు? సెలవుల్లో వాళ్లను తవ్వకాల దగ్గరికి తీసుకెళ్లి, కొంత స్టైపెండ్ ఇచ్చి పని నేర్పించాలి. వచ్చే వేసవి నుంచే ఇది మొదలుపెట్టాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

– ఒక చరిత్ర ఉపాధ్యాయురాలు, నల్లగొండ