బాకాలు వెనక ఊదేవి కావు

సంపాదకులకు నమస్కారం.

మొన్నటి ఆదివారం అనుబంధంలో అమెరికా స్కా పంక్ సంగీత బ్యాండ్ల మీద మీరు వేసిన వ్యాసాన్ని మా మనవడు చదివి వినిపించాడు. నాకు చిన్న అక్షరాలు ఆనడం లేదు. అందులో ఫిష్‌బోన్ అనే బ్యాండు గురించి బాగానే రాశారు గానీ, 'వెనక బాకాలు ఊదేవాళ్లు' అని ముగ్గుర్ని ఒక్క మాటతో తేల్చేశారు. కావలిలో ముప్పై ఏడేళ్లు బ్యాండు మేళంలో ట్రంపెట్ వాయించినవాణ్ణి. ఆ మాటకి నా మనసొప్పలేదు.

ఫిష్‌బోన్ పాటలు మావాడి ఫోన్లో ఏడాదిగా వింటున్నా. మొదటిసారి విన్నప్పుడు తాళం తప్పారనుకున్నా. రెండోసారికి గానీ పట్టుబడలేదు, గిటారు దెబ్బ మీద కాకుండా దెబ్బకీ దెబ్బకీ నడుమ పడుతోందని. 1950ల చివర్లో జమైకాలో పుట్టిన స్కా సంగీతపు నడక అదేనట. దానికి వీళ్లు పంక్ రాక్ వేగం, ఫంక్, మెటల్ బాణీలు అన్నీ కలిపారు. 1979లో లాస్ ఏంజెలిస్‌లో జట్టు కట్టేనాటికి వీళ్లంతా బడిపిల్లలు. నల్ల, తెల్ల పిల్లలు కలిసి చదవాలని అప్పట్లో నల్లవాళ్ల పేటల నుంచి పిల్లల్ని దూరపు బళ్లకి బస్సుల్లో పంపేవాళ్లు. అలా వచ్చిన కుర్రాళ్లకి అక్కడే ఉండే ఆంజెలో మూర్ తోడయ్యాడు. మూర్ పాడతాడు, శాక్సొఫోనూ ఆయనే. ట్రంపెట్ వాల్టర్ కిబ్బీది. క్రిస్ డౌడ్ ట్రాంబోన్, కీబోర్డు రెండూ వాయించేవాడు. ఆ ఇద్దరూ పాడేవాళ్లే. మరి వెనక ఉన్నదెవరండీ?

అన్నీ కలపడం మాకు కొత్త కాదు. బిట్రగుంట లోకో షెడ్డు వెలిగిన రోజుల్లో అక్కడి ఆంగ్లో ఇండియన్ ఒకాయన దగ్గర మా గురువు ట్రంపెట్ నేర్చుకున్నాడు. మేం ఊరేగింపు మొదట్లో హంసధ్వనిలో కీర్తన వాయించి, బజారు మలుపు తిరిగేసరికి సినిమా పాట ఎత్తుకుని, పెళ్లికొడుకు స్నేహితులు చొక్కాలు విప్పాక డప్పు దరువులోకి దిగేవాళ్లం. సంగీతం తెలిసినవాళ్లు ఇది కచేరీ కాదన్నారు. కుర్రాళ్లేమో ఆ కీర్తన ఎందుకు తాతా అన్నారు.

ఫిష్‌బోన్‌కీ అదే గతి పట్టింది. 1985లో పెద్ద కంపెనీ మొదటి రికార్డు వేసినా, నల్లవాళ్ల రేడియోలకి అది రాక్‌గా వినపడింది, రాక్ రేడియోలకి వాళ్లు నల్లవాళ్లుగా కనపడ్డారు. వాళ్లని చూసి నేర్చుకున్న నో డౌట్ అనే బ్యాండు 1995లో వేసిన ఆల్బం ఒక్క అమెరికాలోనే కోటి ప్రతులకి చేరింది. ఫిష్‌బోన్ మీద 2010లో తీసిన డాక్యుమెంటరీలో నో డౌట్ గాయని కూడా వచ్చి మాట్లాడింది. సంతోషమే. కానీ మాట సాయంతో అద్దె కట్టలేం కదా.

మా మేళంలో ఒకప్పుడు పన్నెండు మందిమి. ఇప్పుడు డీజే బాక్సుల బండి ముందు ఇద్దరు డ్రమ్ములవాళ్లు నడుస్తున్నారు. ట్రంపెట్ శబ్దం కూడా ఆ బాక్సులోంచే వస్తోంది. మొన్న ఒక పెళ్లిలో విన్నా, ఊపిరి తీసుకోకుండా నాలుగు నిమిషాలు వాయించేసింది. మనిషైతే పెదవి వాచిపోయేది.

ఈసారి ఏ బ్యాండు గురించి వేసినా బాకాలవాళ్ల పేర్లు కూడా అచ్చువేయండి. చోటు చాలకపోతే ఫొటో చిన్నది చేయండి.

ఇట్లు,
ఒక ట్రంపెట్ కళాకారుడు,
కావలి, నెల్లూరు జిల్లా